హెబ్రీ పేర్లు చదవడం – 6వ పాఠం: యబ్బేజు, చోటు మారిన రెండు అక్షరాలు

ముందుగా పోయిన పాఠంలో ఇచ్చిన పని. యాజకుడైన ఏలీ కోడలు ప్రాణం పోతున్న సమయంలో బిడ్డకు పెట్టిన ఈకాబోదు అన్న పేరును విడదీయమన్నాను (1 సమూయేలు 4:21). "కావోద్" అంటే మహిమ, ఘనత. ముందున్న "ఈ" అనే ముక్కను కొందరు "లేదు" అని, కొందరు "ఎక్కడ?" అని తీసుకుంటారు. మందసం శత్రువుల చేతిలో పడింది, భర్త పోయాడు, మామ పోయాడు. ఆ తల్లి నోట ఏ అర్థమైనా సరిపోతుంది. కాఫ్, బేత్, దాలెత్ అనే ధాతువు (మాటకు మూలమైన హెబ్రీ అక్షరాలు) కోసం ఆ అధ్యాయమంతా వెతికినవాళ్లకు 18వ వచనంలో ఏలీ కూడా దొరికి ఉంటాడు. ఆయన వెనక్కి పడి మెడ విరిగి చనిపోయాడు, ఎందుకంటే ముసలివాడు, "కావేద్", అంటే బరువైనవాడు. బరువు, ఘనత రెండూ ఒకే ధాతువు. తెలుగులో "ఘనం" కూడా అంతే కదా: గట్టిదనమూ అదే, గౌరవమూ అదే. ఈ ధాతువును మరిచిపోకండి, ఇవాళ కూడా ఒకచోట వస్తుంది.

ఇక ఇవాళ్టి పేరు. దీన్ని ఎందుకు ఎంచుకున్నానో చెబుతాను. మా బంధువుల్లో ఒకావిడ కొడుక్కి జాబేజ్ అని పేరు పెట్టుకుంది. మన తెలుగు బైబిల్లో యబ్బేజు అని ఉన్న పేరే ఇంగ్లీషు మీదుగా వచ్చి జాబేజ్ అయింది. బైబిల్లో యబ్బేజు చేసిన ప్రార్థన అంటే ఆమెకు ప్రాణం. బాబుకు మూడో నెలలో ఎవరో ఫోన్‌లో పేర్ల అర్థాల జాబితా చూపించి, "దీనర్థం దుఃఖం, వేదన. ఇలాంటి పేరు ఎందుకు పెట్టావమ్మా?" అన్నారు. పాపం, ఆ రాత్రంతా టెన్షన్‌తో నిద్రపోలేదు. తెల్లారి నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, పేరు మార్చేయమంటావా?" అని అడిగింది.

ఆమెకు అప్పుడు ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఈ పాఠంలో ఉంది.

వచనం దగ్గరికి వెళ్దాం

1 దినవృత్తాంతములు 4:9-10 తెరవండి. ఆ గ్రంథంలో మొదటి తొమ్మిది అధ్యాయాలు దాదాపు అన్నీ వంశావళులే. చాలామంది వాటిని దాటేసి పదో అధ్యాయానికి వెళ్లిపోతారు. నాలుగో అధ్యాయం యూదా సంతతితో మొదలవుతుంది: ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడు, ఫలానావాడి కొడుకులు వీళ్లు. ఎనిమిదో వచనం దాకా ఇదే వరుస. తొమ్మిదో వచనంలో ఉన్నట్టుండి యబ్బేజు వస్తాడు. అతని తండ్రి పేరు లేదు, తల్లి పేరు లేదు, కొడుకుల పేర్లు లేవు. ఎవరి కొడుకో చెప్పడం తప్ప ఇంకో పని లేని జాబితాలో ఎవరి కొడుకో చెప్పని మనిషి ఇతను. రెండు వచనాలు నడిచి ఆగిపోతాడు. పదకొండో వచనంలో జాబితా ఏమీ జరగనట్టే మళ్లీ సాగుతుంది.

ఆ రెండు వచనాల్లో ఉన్నది ఇది. యబ్బేజు తన అన్నదమ్ములకంటే ఘనత పొందినవాడు. తల్లి "వేదనతో కన్నాను" అని అతనికి యబ్బేజు అని పేరు పెట్టింది. అతను ఇశ్రాయేలు దేవునికి మొరపెట్టుకున్నాడు: నన్ను తప్పకుండా ఆశీర్వదించు, నా సరిహద్దు పెంచు, నీ చెయ్యి నాకు తోడుండాలి, నాకు వేదన కలగకుండా కీడునుంచి కాపాడు. అతను అడిగింది దేవుడు ఇచ్చాడు.

మొదటి వాక్యంలో "ఘనత పొందినవాడు" అన్నచోట హెబ్రీలో "నిఖ్‌బాద్" అని ఉంది. కాఫ్, బేత్, దాలెత్. ఈకాబోదు తల్లి లేదని ఏడ్చిన ఘనత ఇక్కడ ఒక అనామక తల్లి కొడుక్కి దక్కింది. ఈ రెండు కథల్ని రచయిత కావాలనే కలిపాడని నేననను. అంత రుజువు నా దగ్గర లేదు. కానీ రెండుచోట్లా కాన్పు కష్టమైంది, రెండుచోట్లా తల్లే పేరు పెట్టింది, రెండుచోట్లా ఆ ధాతువే ఉంది. పక్కపక్కన పెట్టుకుని చదవండి, మీకే తెలుస్తుంది.

అక్షరాలు రాసుకోవడం

హెబ్రీ రాకపోయినా 119వ కీర్తన శీర్షికల్లో ఉన్న అక్షరాల పేర్లు తెలిస్తే ఈ పాఠానికి చాలు. నోట్‌బుక్‌లో ఇలా రాసుకోండి.

పేరు: యోద్, అయిన్, బేత్, త్సాదె. పలకడం: య’బేత్స్.

తల్లి చెప్పిన కారణంలో ముఖ్యమైన మాట: అయిన్, త్సాదె, బేత్. పలకడం: ’ఓత్సెవ్, అంటే వేదన.

ఈ పాఠాల్లో అయిన్ వచ్చినచోట ’ గుర్తు పెడుతున్నానని గుర్తుంది కదా. అది గొంతు లోపలినుంచి వచ్చే ధ్వని, తెలుగులో లేదు. అలీ, ఈద్ అన్న మాటలు అరబీలో మొదలయ్యేది దీనికి తోబుట్టువైన అక్షరంతోనే. మన ఊళ్లలో ఉర్దూ మాట్లాడేవాళ్లు దాన్ని అచ్చులాగే పలుకుతారు కాబట్టి మనకు వినపడదు. త్సాదె విషయంలో మాత్రం తెలుగువాళ్లం అదృష్టవంతులం. ఇవాళ ఇజ్రాయెల్‌లో పలికే త్సాదె మన దంత్య చకారమే. చలి, చాప, చుక్క అన్నప్పుడు నాలుక పళ్ల వెనక తగులుతుందే, అదే ధ్వని. చిలక, చేప అన్నప్పటి చ కాదు. "చాలు" అని నాలుగుసార్లు అని, ఆ మొదటి ధ్వనిని మాట చివర పెట్టి "య’బేత్స్" అనండి. ఇంగ్లీషు "జాబేజ్" కంటే ఇది మన నోటికి దగ్గర.

బేత్ గురించి కూడా ఒక మాట: ఒకచోట బ అని, ఒకచోట వ అని పలుకుతున్నాం గానీ అక్షరం ఒక్కటే. ఇది రెండో పాఠంలో చూశాం.

ఇప్పుడు పేరు ముందున్న యోద్‌ను వేలితో మూసేయండి. ఇస్సాకు హెబ్రీలో యిత్స్‌హాక్ ("నవ్వుతాడు"). యాకోబు య’అకోవ్. ఈ పేర్లలోలాగే ఇక్కడి యోద్ కూడా "అతను" అని సూచించే క్రియారూపపు ముందు ముక్క. మిగిలేవి మూడు: అయిన్, బేత్, త్సాదె.

పేరులో అయిన్-బేత్-త్సాదె. కారణంలో అయిన్-త్సాదె-బేత్.

అక్షరాలు మూడూ అవే, వరుస వేరు. చివరి రెండూ చోట్లు మార్చుకున్నాయి. "వేదన కలిగిస్తాడు" అని సూటిగా పేరు పెట్టాలంటే యోద్ తర్వాత అయిన్, త్సాదె, బేత్ రావాలి. తల్లి అలా పెట్టలేదు.

తారుమారు ఎలా జరుగుతుంది?

మాటలో ధ్వనులు చోటు మార్చుకోవడం మనకు కొత్త కాదు. తమిళంలో ఉరల్, తెలుగులో రోలు. తమిళంలో ఇరండు, తెలుగులో రెండు. వ్యాకరణంలో దీన్ని వర్ణవ్యత్యయం అంటారు. హెబ్రీలోనూ ఉంది: గొర్రెపిల్లకు "కెవెస్" అనీ "కెసెవ్" అనీ రెండు రూపాలు, బట్టకు "సిమ్లా" అనీ "సల్మా" అనీ రెండు రూపాలు బైబిల్లోనే కనిపిస్తాయి. అర్థం మారదు.

అలాగైతే యబ్బేజు కూడా ’ఓత్సెవ్ మాటకే ఇంకో రూపమని, అంటే పేరుకు అర్థం వేదనేనని తేల్చేయొచ్చా? ఇక్కడ కాస్త ఆగాలి. గొర్రెపిల్ల విషయంలో రెండు రూపాలూ వేర్వేరు వచనాల్లో, ఒకే అర్థంతో, మనకు కనిపిస్తున్నాయి. అయిన్-బేత్-త్సాదె వరుసలో ఉన్న మాట మాత్రం హెబ్రీ బైబిల్లో ఈ పేరు తప్ప ఇంకొకటి లేదు. ఇదే పేరున్న ఒక ఊరు ఉంది, అంతే (1 దినవృత్తాంతములు 2:55). పోల్చి చూడటానికి మనకేమీ లేదు.

మీలో చాలామంది యాప్‌లలో స్ట్రాంగ్ నంబర్లు, అంటే స్ట్రాంగ్ పదసూచికలో ఒక్కో హెబ్రీ మాటకు ఇచ్చిన నంబర్లు, చూస్తారు. 1890లో వచ్చిన ఆ పదసూచికలో యబ్బేజు నంబరు 3258. తెరిచి చూస్తే, వాడుకలో లేని ఒక ధాతువునుంచి వచ్చిందని, ఆ ధాతువుకు దుఃఖించడం అన్న అర్థం ఉండొచ్చని రాసి ఉంటుంది. వాడుకలో లేని ధాతువు అర్థం ఎలా తెలిసింది? ఈ వచనంలో తల్లి చెప్పిన కారణంనుంచే. అంటే వచనాన్ని చూసి నిఘంటువు రాశారు, మనం ఆ నిఘంటువు చూపించి వచనానికి అర్థం చెబుతున్నాం. ఫోన్‌లోని ఆ జాబితాకూ ఆధారం ఇంతకంటే ఎక్కువ ఏమీ ఉండదు. నిఘంటువులో "ఉండొచ్చు" అన్న మాట ఉంది, జాబితాకు వచ్చేసరికి అది రాలిపోయింది.

నిఘంటువులు వద్దనడం లేదు. రోజూ వాడండి. ఒక్క అలవాటు మాత్రం చేసుకోండి: ధాతువు అర్థం కనపడగానే "ఈ ధాతువు ఇంకెక్కడెక్కడ వచ్చింది?" అని వెంటనే అడగండి. ఇంకెక్కడా రాలేదంటే ఆ అర్థం పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టుకోండి.

కారణం చెప్పడం వేరు, వ్యుత్పత్తి చెప్పడం వేరు

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉందాం.

"ఫలానా పేరు పెట్టెను, ఎందుకనగా..." అన్న వాక్యం హెబ్రీలో "కీ" అనే చిన్న మాటతో వస్తుంది. ఆ "కీ" తర్వాత చెప్పేదాన్ని మనం నిఘంటువు అర్థంగా తీసుకుంటాం. చాలాసార్లు అది అర్థం కాదు. అది పేరు వినగానే తల్లి చెవిలో మోగిన ఇంకో మాట.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ సమూయేలు. హన్నా కొడుక్కి ఆ పేరు పెట్టి, యెహోవాను అడిగి తెచ్చుకున్నాను కాబట్టి అంటుంది (1 సమూయేలు 1:20). అడగడం అన్న క్రియ "షాఅల్": షీన్, ఆలెఫ్, లామెద్. పేరు "షెమూఏల్": షీన్, మేమ్, వావ్, ఆలెఫ్, లామెద్. మూడక్షరాలూ పేరులో ఉన్నాయి, కానీ మధ్యలో మేమ్, వావ్ దూరి ఉన్నాయి. "షాఅల్" అనే ధాతువుకు అచ్చంగా సరిపోయే పేరు ఇంకొకటుంది: షాఊల్, మన తెలుగులో సౌలు. 28వ వచనంలో హన్నా బిడ్డను అప్పగిస్తూ చెప్పే మాటలో "షాఊల్" అన్న రూపమే అక్షరం పొల్లుపోకుండా వస్తుంది. ముందు ముందు సౌలు రాజవుతాడు, సమూయేలు అతన్ని అభిషేకిస్తాడు. హన్నా నోట ఆ మాట విన్న హెబ్రీ శ్రోత అక్కడ ఉలిక్కిపడి ఉంటాడు. వ్యుత్పత్తి ప్రకారం హన్నా తప్పు చెప్పిందని కొట్టేస్తే ఈ రుచి అంతా పోతుంది.

యబ్బేజు తల్లి చేసిందీ అలాంటిదే. "’ఓత్సెవ్‌తో కన్నాను, అందుకే య’బేత్స్." ఆమె వ్యాకరణం చెప్పడం లేదు. నొప్పి మాటలోని అక్షరాల్నే తీసుకుంది, కానీ ఉన్న వరుసలో తీసుకోలేదు. ఎందుకు తారుమారు చేసిందో వచనం చెప్పదు. పేరు తలచుకున్నప్పుడు ఆ నొప్పి గుర్తుండాలి, కానీ బిడ్డను పిలిచినప్పుడల్లా నొప్పి పేరు నోట పలకకూడదు అని అనుకుందేమో. ఇది నా ఊహ. నాకు ఇష్టమైన ఊహ కూడా. దీన్ని మీ నోట్‌బుక్‌లో "వచనం చెప్పింది" కింద రాయకండి, "చదివినవాడికి తోచింది" కింద రాసుకోండి. ఆ రెండు గళ్లూ వేర్వేరుగా ఉంచాలని మొదటి పాఠంలోనే అనుకున్నాం.

మన పక్క కూడా ఇలాంటి తల్లులున్నారు. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద పొర్లించి పెంటయ్య అనీ, విస్తరాకులో పడుకోబెట్టి పుల్లయ్య అనీ పిలిచేవారు. ఆ పేర్లకు నిఘంటువులో అర్థం వెతికితే చెత్త, ఎంగిలాకు అనే వస్తుంది. పెంటయ్య తాతను ఊళ్లో ఎవరైనా చెత్త అనుకున్నారా? వీడైనా బతకాలి అని ఒక తల్లి పడిన ఆరాటం ఆ పేరు. యబ్బేజు కథ విన్నప్పుడల్లా నాకు ఆ తాతలు గుర్తొస్తారు.

’ఓత్సెవ్ అంటే ఎలాంటి వేదన?

ఈ ధాతువును కొన్నిచోట్ల చూద్దాం, ఎందుకంటే దీనికి ఒక చరిత్ర ఉంది. ఆదికాండము 3:16లో స్త్రీతో దేవుడు "వేదనతో పిల్లలను కందువు" అంటాడు. హెబ్రీలో "బె’ఎత్సెవ్ తేల్దీ". యబ్బేజు తల్లి అన్నది "యాలద్తీ బె’ఓత్సెవ్". కనడం అన్న క్రియ అదే, ముందున్న "బె" ("తో") అదే, ధాతువు అదే. వరుస మాత్రం ముందువెనకలు. ఏదెనులో పడిన మాట ఇక్కడ ఒక ఇంట్లో నిజమైంది అన్నట్టు ఆమె పలికింది. తెలుగు బైబిల్లో రెండుచోట్లా "వేదన" అనే ఉంది కాబట్టి ఈ పోలిక మన చెవికీ అందుతుంది.

ఆ తర్వాతి వచనంలో ఆదాము నేలను సాగుచేసుకుని తినాల్సిన "ప్రయాసము" కూడా ఇదే ధాతువునుంచి వచ్చిన "’ఇత్సావోన్". తల్లి పురిటి నొప్పీ, రైతు ఒంటి శ్రమా ఒకే ధాతువులో. తెలుగులో నాకు తోచే దగ్గరి మాట "కష్టం". కష్టపడి సంపాదించాను అంటాం, కష్టాలు వచ్చాయి అంటాం. ఈ ధాతువు దేవుడి విషయంలో కూడా వస్తుంది: జలప్రళయానికి ముందు మనుషుల్ని చూసి ఆయన హృదయంలో నొచ్చుకున్నాడన్నచోట (ఆదికాండము 6:6). ఇవాళ్టి హెబ్రీలో "’అత్సూవ్" అంటే దిగులుగా ఉన్నవాడు. మూడువేల ఏళ్ల పాటు మాట పెద్దగా జరిగిపోలేదు.

ప్రార్థనలో ఆ అక్షరాలు మళ్లీ

ఇప్పుడు పదో వచనం. పేరుకు కారణం చెప్పగానే పని అయిపోయిందనుకుని చాలామంది ఇక్కడ ఆపేస్తారు. అసలు పని ఇక్కడ మొదలవుతుంది. పేరు కారణంలో వచ్చిన ధాతువును పట్టుకుని ఆ భాగం చివరిదాకా వెళ్లండి.

యబ్బేజు ప్రార్థన "ఇమ్ బారేఖ్ తెవారఖేనీ" అని మొదలవుతుంది. ఆశీర్వదించడం అన్న క్రియ రెండుసార్లు పక్కపక్కనే వచ్చింది. అది నొక్కి చెప్పే పద్ధతి, "తప్పకుండా" అన్న భావం దానివల్లే వస్తుంది. "ఇమ్" అంటే మామూలుగా "అయితే". బేతేలులో యాకోబు "దేవుడు నాకు తోడుంటే..." అని మొక్కుకున్నప్పుడు వాక్యం ఈ మాటతోనే మొదలై, "అప్పుడు నేను ఇది చేస్తాను" అని ముగుస్తుంది (ఆదికాండము 28:20-22). యబ్బేజు వాక్యంలో "అప్పుడు నేను" అన్న సగం లేదు. ప్రతిగా ఏమిస్తాడో చెప్పలేదు. అడిగి ఊరుకున్నాడు.

అడిగినవాటిలో చివరిది చూడండి: "లెవిల్తీ ’ఓత్స్‌బీ". నాకు వేదన కలగకుండా అని. ’ఓత్స్‌బీ అక్షరాలు రాయండి: అయిన్, త్సాదె, బేత్, చివర "నా" అని చెప్పే యోద్.

అయిన్, త్సాదె, బేత్. తల్లి మాటలో ఉన్న వరుస. పేరులో తారుమారైన అక్షరాలు కొడుకు ప్రార్థనలో మళ్లీ సరైన వరుసలో నిలబడ్డాయి, "వద్దు" అన్న మాట పక్కన. పేరులోని యోద్ ముందుంది, ’ఓత్స్‌బీలోని యోద్ వెనకుంది. పేరులో ఉన్న నాలుగక్షరాలే ఇక్కడా ఉన్నాయి. తల్లి తన వేదన గురించి చెప్పింది, కొడుకు నాకు వేదన వద్దని దేవుణ్ణి అడిగాడు. ఇంత చిన్న భాగంలో ఇంత పని జరిగిందని నాకు మొదటిసారి తెలిసినప్పుడు పుస్తకం పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను.

తర్వాత వాక్యం: అతను అడిగింది దేవుడు తెచ్చి ఇచ్చాడు. "అడిగింది" అన్నచోట క్రియ "షాఅల్". హన్నా మాటే.

సామెతలు 10:22 కూడా ఒకసారి చూడండి. అక్కడ యెహోవా "బెరాఖా", అంటే ఆశీర్వాదం, దానితోపాటు "’ఎత్సెవ్" చేరదు అన్న భావం ఉంది. ఆ వచనాన్ని రెండు రకాలుగా అనువదిస్తారు: ఆశీర్వాదంతో దుఃఖం కలవదు అని కొందరు, మనిషి శ్రమ ఆశీర్వాదానికి ఏమీ కలపదు అని కొందరు. ఎందుకు రెండు రకాలో మీకిప్పుడు తెలుసు, ధాతువులో రెండు అర్థాలూ ఉన్నాయి. యబ్బేజు అడిగింది మొదటిదానికి దగ్గర.

ఈ పేరును తర్వాతివాళ్లు ఏం చేశారు

గ్రీకులోకి అనువదించినవాళ్లకు ఈ మాటల ఆట పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. గ్రీకు ప్రతిలో పేరు "ఇగబేస్" అని ఉంది, తల్లి మాట "గబేస్‌లా కన్నాను" అని ఉంది. వేదన అన్న గ్రీకు మాట వెయ్యకుండా హెబ్రీ ధ్వనినే దించేశారు. చదివినవాడికి అర్థం తెలియదు, కానీ పేరుకూ కారణానికీ ఉన్న పోలిక దక్కింది. మధ్యలో గ ఎక్కడినుంచి వచ్చిందంటే, అయిన్‌ను గ్రీకులో కొన్నిసార్లు అలా రాశారు. గాజా అన్న ఊరి పేరు హెబ్రీలో అయిన్‌తో మొదలవుతుంది, "’అజ్జా". గొమొఱ్ఱా కూడా అంతే. మనం ఇవాళ్టికీ గ్రీకు చెవితో వింటున్నాం.

యూదు పండితుల దారి వేరు. యూదు పండితుల చర్చల గ్రంథమైన బాబిలోను తల్మూదులో (తెమూరా 16) యబ్బేజును న్యాయాధిపతి ఒత్నీయేలుతో ఒకటి చేసి, పేరును రెండు క్రియలుగా విడదీశారు: "యా’అత్స్", సలహా ఇచ్చాడు, "రిబ్బేత్స్", బోధను వ్యాపింపజేశాడు. వేదన ఊసే లేదు. 2:55లో యబ్బేజు అనే ఊళ్లో లేఖికుల కుటుంబాలు కాపురముండేవని ఉంది కదా, దానికి తగ్గట్టు ఈ పేరులో వాళ్లు ఒక గురువును విన్నారు. సరిహద్దు పెంచమన్న ప్రార్థనకు శిష్యుల్ని పెంచమని అర్థం చెప్పారు. ఇది వ్యుత్పత్తి కాదని వాళ్లకూ తెలుసు. పేరును ధ్యానించడానికి వాడుకున్నారు.

అన్నిటికంటే నాకు నచ్చిన వాడకం 18వ శతాబ్దంలోది. యాకోబ్ ఎమ్దెన్ (1697–1776) అనే జర్మనీ రబ్బీ యబ్బేజును తన కలంపేరుగా పెట్టుకున్నాడు. యాకోబ్, ఎమ్దెన్, బెన్, త్స్వీ, అంటే త్స్వీ కొడుకు యాకోబ్ ఎమ్దెన్ అన్న నాలుగు మాటల మొదటి అక్షరాలు రాయండి: యోద్, అయిన్, బేత్, త్సాదె. సరిగ్గా మన పేరే. తండ్రి పేరు లేని యబ్బేజు పేరులోకి ఇతను తన తండ్రి పేరును చేర్చాడు.

మా చెల్లెలికి చెప్పింది

ఆ రోజు ఫోన్‌లో చెప్పిన సగం ఇది: పేరు మార్చకు. ఆ పేరుకు దుఃఖం అని అర్థం రాసినవాళ్లు తొమ్మిదో వచనం దగ్గరే ఆగిపోయారు. పదో వచనంలో ఆ వేదన వద్దని అడిగినవాడు అతనే, అడిగింది దొరికినవాడూ అతనే. మిగతా సగం, అంటే అక్షరాల సంగతి, బాబు కొంచెం పెద్దయ్యాక వాడికే చూపిస్తానని మాటిచ్చాను. ఇప్పుడు వాడికి ఎనిమిదేళ్లు. పోయిన సెలవుల్లో నాలుగక్షరాలూ అట్టముక్కల మీద రాసి ఇచ్చాను. వరుస మార్చి మార్చి పెట్టి, "మామయ్యా, అమ్మమాట, నా పేరు ఒకే ముక్కల్తో వస్తున్నాయి" అన్నాడు.

మీరు చేయాల్సిన పని

మీరూ అట్టముక్కలతోనే చేయండి, కాగితం మీదకంటే త్వరగా తెలుస్తుంది.

ఒకటి, ఆదికాండము 5:29. లెమెకు కొడుక్కి నోవహు అని పేరు పెట్టి, ఇతను మనకు నెమ్మది కలుగజేస్తాడు అంటాడు. పేరు: నూన్, హేత్. కారణంలోని క్రియ: నూన్, హేత్, మేమ్. పేరూ కారణమూ ఎక్కడిదాకా కలిసి నడిచాయో రాయండి. ఆ వచనంలోనే ఇవాళ్టి ధాతువు (అయిన్, త్సాదె, బేత్) ఒకచోట దాగి ఉంది, తెలుగులో ఏ మాటగా వచ్చిందో పట్టుకోండి.

రెండు, 1 దినవృత్తాంతములు 7:23. ఎఫ్రాయిము కొడుకులు చంపబడ్డాక పుట్టినవాడు బెరీయా. ఇంటికి కీడు కలిగింది కాబట్టి ఆ పేరు. కీడు అన్న మాట "రా’ఆ": రేష్, అయిన్, హే. దాని ముందు "బె" చేరింది. పేరు: బేత్, రేష్, యోద్, అయిన్, హే. ఇక్కడ అక్షరాలు చోటు మారాయా, లేక ఇంకేదైనా జరిగిందా? ఒక సూచన ఇస్తాను: "రా’ఆ" అన్న మాట యబ్బేజు ప్రార్థనలో కూడా ఉంది, "కీడు" అన్నచోట. ముందు దాన్ని అక్కడ వెతికి పట్టుకుని, ఆ తర్వాత బెరీయా దగ్గరికి వెళ్లండి.

వచ్చే పాఠంలో బెరీయాతో మొదలుపెట్టి, ఒకే మనిషికి రెండు గ్రంథాల్లో రెండు పేర్లున్న యోనాతాను కొడుకు దగ్గరికి వెళ్దాం. సమూయేలు గ్రంథంలో మెఫీబోషెతు, దినవృత్తాంతాల్లో మెరీబ్బయలు. రెండు పేర్ల చివరి ముక్కల్ని ఇప్పుడే పక్కపక్కన రాసి ఉంచుకోండి.